సూది వేసుకుంటున్న వాళ్లు ఉన్నారా? గోళీలు పనిచేయడం లేదు

హనుమకొండ_బాబాయ్:
నమస్తే అందరికీ. నాకు చాలా ఏళ్లుగా షుగర్, అంగం గట్టిపడటం లేదు. దానికిచ్చే గోళీలు సిల్డెనాఫిల్, టడాలాఫిల్ రెండూ పూర్తి డోసులో వాడి చూశాను, లాభం లేదు. అంగంలోకి సూది వేసుకునే పద్ధతి ఉందని, మొదటి డోసు ఆస్పత్రిలోనే ఇచ్చి నేర్పిస్తామని యూరాలజీ డాక్టర్ చెప్పారు. ఇంట్లో వేసుకునేటప్పుడు చేయి వణకకుండా ఎలా? సరిగ్గా ఎక్కడ గుచ్చాలి? రెండు పక్కలా వేయాలా? ఏ సిరంజి కొనాలి? మందు ఫ్రిజ్‌లో పెట్టాలట, మాది ఉమ్మడి కుటుంబం. ఇంట్లో ఆమెకు ఎలా చెప్పాలన్నది ఇంకో టెన్షన్.

సింగరేణి_రిటైర్డ్ (గోదావరిఖని):
అన్నా, భయమంతా గుచ్చే ముందు క్షణం వరకే. మంచం మీద గోడకు దిండు పెట్టుకుని ఆనుకుని కూర్చో, లైటు బాగా పడాలి. ఎడమ చేత్తో అంగం తలను పట్టుకుని తొడ మీదికి సాగదీస్తే చర్మం బిగుస్తుంది. గుచ్చాల్సింది పక్క భాగంలో. పైనుంచి చూస్తే గడియారంలో 10 దగ్గర గానీ 2 దగ్గర గానీ, అంగం మొదలుకు దగ్గరగా. నట్టనడుమ పైన నరాలు, రక్తనాళాలు ఉంటాయి, కింద మూత్రనాళం ఉంటుంది. ఆ రెండు చోట్లా సూది పోకూడదు. పైకి తేలిన సిర కనిపిస్తే దాని పక్కకు జరుగు. సూదిని నిలువుగా, ఆగకుండా మొత్తం దించాలి. మెల్లమెల్లగా గుచ్చితేనే నొప్పి. మందు నిదానంగా ఎక్కించి, సూది తీశాక 5 నిమిషాలు వేలితో గట్టిగా నొక్కి పట్టు, లేకపోతే కమిలిపోతుంది.

ఒక పక్క వేస్తే చాలు, లోపల రక్తం నిండే రెండు గొట్టాలకూ మధ్యలో దారి ఉంటుంది. ఈసారి కుడి వైపు వేస్తే వచ్చేసారి ఎడమ. ఎప్పుడూ ఒకేచోట గుచ్చితే లోపల గట్టిగా గడ్డకట్టి వంకర వస్తుంది. మా ఇంట్లో ఇద్దరం చెరో గోడకు తిరిగి పడుకునే రోజులు పోయాయన్నా. నేను చెప్పేది అంతే.

మానేరు_గట్టు (కరీంనగర్):
మీరు అసలైన డాక్టర్ దగ్గరికి వెళ్లారు, అది సంతోషం. గోడల మీద రాతలు చూసి, లాడ్జిలో క్యాంపు పెట్టే ఒకాయన దగ్గరికి వెళ్లిన నాలాంటి వాళ్లు మన జిల్లాల్లో ఎంతమందో. నరాల బలహీనత అన్నాడు, భస్మం ఇచ్చాడు, లేహ్యం ఇచ్చాడు, వేలకు వేలు గుంజాడు. షుగర్ పరీక్ష రాయలేదు, బీపీ చూడలేదు. లేవకపోవడం గుండె జబ్బుకు ముందే కనిపించే గుర్తు కావచ్చని తర్వాత యూరాలజిస్టు చెబితే తెలిసింది. అట్లాంటి వాళ్లను తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఇన్సులిన్_పాతకాపు (జగిత్యాల):
సిరంజి సంగతి నన్ను అడగండి. ఇన్సులిన్ వేసుకోవడంలో నాకున్నంత అనుభవం ఇక్కడ ఎవరికీ ఉండదు. షుగర్ ఉన్న ఇంట్లో సిరంజీలు ఉండనే ఉంటాయి, మళ్లీ కొనక్కర్లేదు. డాక్టర్ 0.2 ఎంఎల్ అంటే 20 గీత వరకు లాగడమే.

మందుల_షాపు_తమ్ముడు (వరంగల్):
పాతకాపు గారూ, ఆ మాట దయచేసి వెనక్కి తీసుకోండి. మన దగ్గర రెండు రకాల ఇన్సులిన్ సిరంజీలు అమ్ముతారు. ఎర్ర మూతది యూ-40, నారింజ మూతది యూ-100. 20 గీత 0.2 ఎంఎల్ అయ్యేది యూ-100లో మాత్రమే. యూ-40లో 20 గీత అంటే 0.5 ఎంఎల్, డాక్టర్ చెప్పినదానికి రెండున్నర రెట్లు. ఇక్కడ సీసా ఇన్సులిన్ వాడే ఇళ్లలో ఎక్కువగా ఉండేది ఎర్ర మూతదే.

ఇన్సులిన్_పాతకాపు:
యూనిట్ అంటే యూనిట్. షాపులో కూర్చున్నంత మాత్రాన డాక్టర్ అయిపోరు.

మందుల_షాపు_తమ్ముడు:
యూనిట్ ఇన్సులిన్‌కు కొలత. ఈ మందుకు యూనిట్లు లేవు, దీని కొలత ఎంఎల్ లేదా మైక్రోగ్రాములు. 40 గీతల సిరంజి నిండా తీస్తే 1 ఎంఎల్, 100 గీతల సిరంజి నిండా తీసినా 1 ఎంఎల్. ఇంత చిన్న లెక్క మీద పంతం ఎందుకు సార్? ఒక మనిషి అంగం పాడైతే బాధ్యత ఎవరిది?

ఇన్సులిన్_పాతకాపు:
నన్ను లెక్కలు రాని వాడిలా మాట్లాడుతున్నావు. వయసుకు మర్యాద ఇవ్వడం నేర్చుకో.

ఓరుగల్లు_కోట:
ఇద్దరూ తగ్గండి. బాబాయ్ గారూ, తమ్ముడు చెప్పిందే సరైనది. మీ డాక్టర్ ఏ మూత సిరంజి, ఎన్నో గీత అని చీటీ మీద రాసి ఇవ్వాలి. ఇంకో విషయం, సూది పొడవు కూడా చూడండి. మాకు సగం అంగుళం సూది రాశారు. 6 ఎంఎం పొట్టి సూది అయితే మందు చర్మం కిందే ఆగిపోవచ్చు. అప్పుడు అక్కడ ఉబ్బుతుంది, మంట పుడుతుంది, పని మాత్రం జరగదు.

మందుల_షాపు_తమ్ముడు:
దానికంటే పెద్ద ప్రమాదం ఇంకొకటి ఉంది. ఈ సూదిలో వాడే మందు ఆల్‌ప్రోస్టాడిల్ మన దగ్గర 1 ఎంఎల్‌లో 500 మైక్రోగ్రాముల ఆంప్యూల్‌గా దొరుకుతుంది. అది పుట్టుకతో గుండె జబ్బు ఉన్న పసిపిల్లల కోసం, అప్పుడే పుట్టిన బిడ్డల వార్డుల్లో వాడే మందు. అందుకే మామూలు షాపులో అడిగితే వింతగా చూస్తారు. మగవాళ్లకు కావాల్సింది 5, 10, 20 మైక్రోగ్రాములు. అంటే ఆస్పత్రిలో పలుచన చేసి ఇవ్వాల్సిందే. ఆంప్యూల్ కొని ఇంట్లో సొంతంగా పగలగొట్టి లాగే పని ఎవరూ చేయకండి. దీనికి పాపవరిన్, ఫెంటోలమైన్ అనే ఇంకో రెండు మందులు కలిపి ఇచ్చే ట్రైమిక్స్ అయినా అంతే, కలిపేది తెలిసిన చేతులు.

చరిత్ర_పిచ్చి:
ఈ వైద్యం ఎలా వచ్చిందో తెలుసా? 1982లో ఫ్రాన్స్‌లో విరాగ్ అనే సర్జన్ పాపవరిన్ పనిచేస్తుందని రాశారు. 1983లో లాస్ వేగాస్‌లో యూరాలజీ డాక్టర్ల సభలో బ్రిటన్ శాస్త్రవేత్త జైల్స్ బ్రిండ్లీ తనకు తానే సూది వేసుకుని వచ్చి, ఉపన్యాసం మధ్యలో ఫలితం అందరికీ చూపించారు. గోళీ వచ్చింది 1998లో. అంటే గోళీ కంటే సూదే ముందు. దీన్ని ఆఖరి గతి అనుకుని కుంగిపోవద్దు.

రైల్వే_గార్డు (కాజీపేట):
చరిత్ర సరే, 4 గంటల సంగతి ఎవరూ చెప్పలేదేంటి? గట్టితనం గంట దాటి ఉంటోందంటే డోసు ఎక్కువైంది, డాక్టర్‌కు చెప్పి తగ్గించుకోవాలి. 4 గంటలైనా దిగకపోతే అది ఎమర్జెన్సీ. పొద్దున చూద్దాంలే అని పడుకోవద్దు, సిగ్గుపడొద్దు. లోపల నిలిచిన రక్తంలో ఆక్సిజన్ అయిపోయి కండ చచ్చిపోతుంది, తర్వాత ఏ మందూ పనిచేయదు. నాకు ఒక రాత్రి దిగలేదు. క్యాజువాల్టీలో రక్తం లాగేసి, ఫినైల్ఎఫ్రిన్ సూది వేశారు, తగ్గిపోయింది. రాత్రిపూట యూరాలజీ డ్యూటీ డాక్టర్ ఏ ఆస్పత్రిలో ఉంటారో ముందే కనుక్కుని పెట్టుకోండి. ఇంకా, మొదటి సూది సరిగా పనిచేయలేదని అదే రోజు రెండోది వేయకూడదు. రెండింటి మధ్య కనీసం 24 గంటలు, వారానికి 3 సార్లకు మించొద్దు.

ఇంద్రవెల్లి_మాస్టారు:
మా ఆదిలాబాద్ వైపు వాళ్ల కోసం ఒక మాట. గోండు, కోలాం గూడేల్లో సికిల్ సెల్ అనే పుట్టుకతో వచ్చే రక్తం జబ్బు ఎక్కువ. ఆ జబ్బు ఉన్నవాళ్లకు సూది లేకుండానే ఇలా దిగకుండా ఉండిపోయే ప్రమాదం ఉంటుంది, కాబట్టి ఈ మందు వాళ్లకు పనికిరాదు. 2023లో మొదలైన సికిల్ సెల్ మిషన్ కింద పరీక్షలు చేస్తున్నారు. చేయించుకోని వాళ్లు ముందు అది చేయించుకుని, తర్వాతే సూది గురించి ఆలోచించండి. అంగం బాగా వంకర ఉన్నవాళ్లు, అంగంలో ఇంప్లాంట్ ఉన్నవాళ్లు కూడా వాడకూడదని అంటారు.

స్టెంట్_మనిషి (హుజూరాబాద్):
గుండె మనుషుల సంగతి ఎవరైనా చెబుతారని చూస్తున్నా. నాలుక కింద పెట్టుకునే నైట్రేట్ గోళీ వాడే వాళ్లకు సిల్డెనాఫిల్ ఇవ్వకూడదు, బీపీ పడిపోతుంది. అందుకే నాకు సూది రాశారు. రక్తం పలుచబడే క్లోపిడోగ్రెల్, ఆస్పిరిన్ వాడేవాళ్లు 5 నిమిషాలతో సరిపెట్టుకోకుండా ఇంకాసేపు నొక్కి పట్టండి.

ఒక_భార్య (నర్సంపేట):
మా ఆయన అకౌంట్ నుంచి రాస్తున్నాను. ఇంట్లో ఆమెకు ఎలా చెప్పాలి అని బాబాయ్ గారు అడిగితే, ఇన్ని మాటల్లో ఒక్కరూ దానికి జవాబు ఇవ్వలేదు. చెప్పకుండా దాచిన రోజుల్లో నా మీద ఇష్టం పోయిందనే అనుకున్నాను. అది షుగర్ వల్ల వచ్చిందని డాక్టర్ గదిలో విన్నప్పుడు ఎంత తేలికపడ్డానో. అన్నా, ఆమెను నేర్పించే రోజు వెంట తీసుకెళ్లండి. మా ఆయనకు పొట్ట అడ్డం వచ్చి సరిగ్గా కనిపించదు, అందుకే నర్సమ్మ నాకు నేర్పింది. ఇప్పుడు నేనే వేస్తాను. మందు వేశాక 5 నుంచి 20 నిమిషాల్లో పనిచేస్తుంది, ఆ కాసేపు ఇద్దరం కబుర్లు చెప్పుకుంటాం.

ఫ్రిజ్ సంగతి: పాత ఇన్సులిన్ డబ్బాలో పెట్టండి. షుగర్ ఇంట్లో ఆ డబ్బాను ఎవరూ అడగరు. తలుపులో కాకుండా మధ్య అరలో పెట్టండి. గడ్డ కట్టనివ్వొద్దు.

ఇన్సులిన్_పాతకాపు:
అమ్మా, ఇన్సులిన్ డబ్బాలో వేరే మందు పెట్టమనడం మాత్రం తప్పు. మా అమ్మలాంటి పెద్దవాళ్లు అదే ఇన్సులిన్ అనుకుని వేసుకుంటే?

ఒక_భార్య:
నిజమే సార్, అది నాకు తట్టలేదు. ఇంట్లో ఇంకెవరైనా ఇన్సులిన్ వాడితే వేరే డబ్బా తీసుకుని, పేరు రాసి పెట్టండి.

హనుమకొండ_బాబాయ్:
మా అమ్మ కూడా ఇన్సులిన్ మీదే ఉంది. వేరే డబ్బానే పెడతాను. నారింజ మూత, సగం అంగుళం సూది అని రాసుకున్నాను, డాక్టర్‌ను అడుగుతాను. వాడిన సూదులు ఎక్కడ పడేయాలి?

సింగరేణి_రిటైర్డ్:
మందపాటి ప్లాస్టిక్ డబ్బాలో వేసి మూత బిగించు, నిండాక ఆస్పత్రిలో ఇచ్చెయ్. మున్సిపల్ చెత్తలో వేస్తే సఫాయి అక్కల చేతులకు గుచ్చుకుంటాయి.

కొత్త_సభ్యుడు (మంచిర్యాల):
సూది అంటేనే నాకు కళ్లు తిరుగుతాయి. గాలి లాగి అంగం గట్టిపడేలా చేసే వ్యాక్యూమ్ పంపు వాడిన వాళ్లు ఉంటే చెప్పండి, దానికి వేసే రింగు ఎంతసేపు ఉంచొచ్చు?

మానేరు_గట్టు:
30 నిమిషాలు, అంతకు మించొద్దు. రక్తం పలుచబడే మందులు వాడుతున్నారా? ముందు అది చెప్పండి.