పార్కిన్సన్ వెనక ఆ ‘స్’ ఎందుకు?

గుంటూరు బ్రాడీపేటలో మా డీటీపీ షాపుకి ఒక వైద్య శిబిరం కరపత్రం వచ్చింది. హెడ్డింగులో ‘పార్కిన్సన్స్ వ్యాధి’, కింద పేరాలో ‘పార్కిన్సన్ వ్యాధి’. ఏది ఉంచమంటావని తెచ్చిన కుర్రాణ్ణి అడిగితే, “ఏదైనా ఒకటేగా సార్” అన్నాడు. ఒకటి కాదని నా వాదన.

ఆ ‘స్’ ఇంగ్లీషు వాళ్ల షష్ఠీ విభక్తి. పక్కన ‘వ్యాధి’ అని తెలుగులో రాస్తూ దాన్ని మోయడం దేనికి? పైగా ఫ్రెండ్స్, టికెట్స్ అలవాటైన చెవికి నలుగురు పార్కిన్సన్లు ఉన్నారేమో అనిపిస్తుంది.

అసలిది షష్ఠీ తత్పురుషమేనా? జేమ్స్ పార్కిన్సన్‌కి ఆ జబ్బు రాలేదు. లండన్ వైద్యుడాయన. 1817లో ‘వణుకుడు పక్షవాతం’ మీద చిన్న పుస్తకం రాశాడు. అందులో ఉన్నది ఆరుగురు రోగులు. వాళ్లలో ఇద్దర్ని వీధిలో చూసి పలకరించాడు, ఒకర్ని దూరం నుంచి చూశాడంతే. జబ్బుకి ఆయన పేరు పెట్టింది కూడా ఆయన కాదు, చాలా ఏళ్ల తర్వాత ఫ్రాన్సులో షార్కో అనే వైద్యుడు. కాబట్టి విగ్రహవాక్యం ‘పార్కిన్సన్ యొక్క వ్యాధి’ కాదు, ‘పార్కిన్సన్ అనే పేరు గల వ్యాధి’. కృష్ణానది లాగే సంభావన పూర్వపద కర్మధారయం. బెజవాడలో ప్రకాశం బ్యారేజీ అంటాం గానీ ప్రకాశం పంతులుగారి బ్యారేజీ అంటామా?

ఇంగ్లీషులోనూ ఈ గొడవ ఉంది. జబ్బు ఆయనకి రాలేదు, ఆయన సొత్తూ కాదు అని కొన్ని వైద్య పత్రికలు ఆ ఎస్‌ని ఎత్తేశాయి.

వ్యాఖ్య: మరి రోగి పేరే పెట్టిన జబ్బులో మాస్టారూ?

జవాబు: మంచి మెలిక పెట్టారండీ. లూ గెరిగ్ అమెరికా బేస్‌బాల్ ఆటగాడు. కండరాల్ని కదిలించే నరాలు దెబ్బతినే ఏఎల్ఎస్ అనే జబ్బు ఉందని 1939లో తేలింది, 1941లో పోయాడు. ఆ జబ్బుకి ఆయన పేరే పడింది. అక్కడ ‘గెరిగ్ యొక్క వ్యాధి’ అంటే అక్షరాలా నిజం, షష్ఠీ తత్పురుషమే. రక్తం సరిగా గడ్డకట్టని క్రిస్మస్ వ్యాధీ అంతే. పండగకీ దానికీ సంబంధం లేదు, ఆ జబ్బున్న స్టీఫెన్ క్రిస్మస్ అనే చిన్న పిల్లవాడి ఇంటిపేరది. 1952లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ క్రిస్మస్ సంచికలోనే ఆ జబ్బు మీద వ్యాసం రావడం మాత్రం వైద్యుల చమత్కారం. కరపత్రంలో వేస్తే మన జనం కేకు తింటే వచ్చే జబ్బనుకుంటారు, దాని ఇంకో పేరు హిమోఫీలియా బి అనడమే క్షేమం.

వ్యాఖ్య: మెడికల్ కాలేజీలో ఫిస్కే–సుబ్బారావు పద్ధతి చదువుకున్నాం. అదేం సమాసం?

జవాబు: లోపల ద్వంద్వం, ఫిస్కేయును సుబ్బారావును. బయట మళ్లీ సంభావనే. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో లెక్కగట్టే పద్ధతి, 1925 నాటిది. ఆ సుబ్బారావు భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ వారే. ఇంగ్లీషు స్పెల్లింగు చూసి మన పిల్లలే ‘సుబ్బారో’ అనడం నాకు కష్టంగా ఉంటుంది.

వ్యాఖ్య: కంపవాతం అని వేస్తే ఏ సమాసం టెన్షనూ లేదు కదండీ?

జవాబు: చక్కటి మాటే. కానీ జబ్బుపడ్డ పెద్దాయన ఫైలులో డాక్టరు రాసేది పార్కిన్సన్ అనే. కరపత్రం, ఫైలు పక్కపక్కన పెట్టుకుని చూసే ఇంట్లోవాళ్లు తికమక పడకూడదు. అందుకని హెడ్డింగు ‘పార్కిన్సన్ వ్యాధి’, దాని కింద చిన్న అక్షరాల్లో ‘కంపవాతం’ అని వేసి ప్రూఫు పంపించాను.