కంటి 'నరాలు' అంటే ఏ నరాలు? కెరటోకోనస్ రిపోర్టును తెలుగుల ఎట్ల చెప్పాలె

అందరికీ నమస్తే, వరంగల్ నుంచి. మా మేనల్లునికి కెరటోకోనస్ ఉన్నది, అంటే కంటి ముందటి కార్నియా, మామూలుగ నడిమిట్ల 0.5 మిల్లీమీటర్లకు జరంత ఎక్కువుండేది, పలచవడి శంకువు లెక్క ముందుకు పొడుచుకొస్తది. మొన్న ఓసీటీ యాంజియో తీసిన్రు, సూది మందు లేకుండ వట్టి వెలుగుతోని రెటీనా (కంటి వెనుక పొర) రక్తనాళాలను చూసే స్కాన్. రిపోర్టుల వెసెల్ డెన్సిటీ, అంటే రక్తనాళాలు ఎంత దట్టంగ ఉన్నయనే లెక్క, తక్కువ అని ఉన్నది. ఇగ మా అక్క చుట్టాలందరికి ఫోన్లు, "పోరని కంటి నరాలు సచ్చువడ్డయట" అని. డాక్టర్ ఆ మాట అననే లేదు. దీన్ని సక్కటి తెలుగుల ఏమనాలె?

*

అన్నా, మీ అక్కది తప్పేం లేదు, మన 'నరం' అసొంటిది. గ్లూకోజ్ పెట్టేటప్పుడు "నరం దొరుకుతలేదు" అంటే రక్తనాళం, నరాల డాక్టర్ అంటే నర్వులు, "మెడ నరం పట్టింది" అంటే సగం సార్లు అది కండరమే. వేరేకాడ సందర్భం చూసి అర్థమైతది గని కంట్ల కాదు, ఎందుకంటే చూపును మెదడుకు మోసే ఆప్టిక్ నర్వ్ ఉన్న తొవ్వలనే రెటీనాకు రక్తం తెచ్చే పెద్ద నాళం గూడ లోపలికొస్తది. రెండూ ఒక్కకాన్నే. అందుకని ఇక్కడ మాత్రం రక్తనాళాలు అనుడే మంచిది, నరాలు అంటే చూపు పోయిందనే అనుకుంటరు.

*

కార్నియాను గూడ కార్నియా అనే ఉంచున్రి. శుక్లపటలం అన్నరనుకో, ఇంట్ల పెద్దోళ్లు "ఇంత చిన్న పోరనికి శుక్లమా, ఆపరేషన్ చేపియ్యున్రి" అంటరు. శుక్లం వచ్చేది లోపలి లెన్సుకు, కార్నియాకు కాదు. పాతకాలపోళ్లకు కార్నియా మీద మచ్చకైతే 'పువ్వు' అనే మాట ఉండె, మా నాయినమ్మ "కంట్ల పువ్వేసింది" అనేది, దీనికి మాత్రం అది గూడ నప్పది.

*

నేను కండ్ల స్కానింగ్ పనిల ఉంట. నామవాచకం సంగతి సరే, నా గొడవంత క్రియ మీద. 'తగ్గినయ్' అనకున్రి, 'తక్కువ కనవడ్డయ్' అనున్రి. ఆ మిషిను ఒకే జాగను మళ్ల మళ్ల స్కాన్ చేసి, కదిలే రక్తకణాల వల్ల ఏడ మార్పు వస్తదో గదే నాళం అని గీస్తది. కెరటోకోనస్ల వెలుగు పోయేదీ వచ్చేదీ వంకర కార్నియాలకెల్లే, సిగ్నల్ పడిపోతది, సన్నటి నాళాలు ఉన్నాగని ఫొటోల రావు. ఈ జబ్బున్నోళ్లల్ల రెటీనా నాళాలు తక్కువని కొన్ని పరిశోధనల్ల వచ్చింది నిజమే, గని అండ్ల జబ్బు పాలెంత, వంకర ఫొటో పాలెంత అనేది తేల్చుడు కష్టం. రిపోర్టుల సిగ్నల్ నంబర్, అంటే స్కాన్ ఎంత సక్కగ వచ్చిందో చెప్పేది, ఎంతున్నదో చూపియ్యున్రి, అది తక్కువుంటే ఆ డెన్సిటీ లెక్కను అంతగనం పట్టించుకోకున్రి.

*

సన్నటి నాళాలంటే కేశనాళికలు గద, బడి పుస్తకాల మంచిగనే ఉన్నది. ఇంట్ల ఎవ్వలనరు గని.

*

అందరికీ థాంక్స్. సిగ్నల్ నిజంగనే తక్కువున్నది, మళ్ల తీద్దామన్నరు. మా ఫ్యామిలీ గ్రూపుల గిట్ల పెట్టిన: "పోరని కంటి వెనుక రక్తనాళాలు ఫొటోల తక్కువ కనవడ్డయ్, మళ్ల తీస్తరు, నరాలకు ఏం కాలే. అసలు జబ్బు ముందటి కార్నియాది, అది పెరుగుతున్నట్టుంటే రైబోఫ్లేవిన్ చుక్కలేసి యూవీ వెలుగు పెట్టే క్రాస్‌లింకింగ్ చేస్తరు. వాడు కండ్లు నలుపుకునుడు బంద్ చెయ్యాలె." మా బావది ఎనుమాముల మిర్చి యార్డుల పని, సీజన్ల ఆయన అంగీ దులిపితే ఇంట్ల అందరం కండ్లు నలుపుకునేటోళ్లమే, అందుకని ఇప్పుడు అంగీ బయటనే ఇడువుమని అక్క ఆర్డరేసింది.