గదిలో తీసిన ఫోటోల్లో ముఖాలు మసకగా వస్తున్నాయి

ప్రశ్న: కిటికీ వెలుతురులో పిల్లలను 50 ఎంఎం లెన్స్‌తో తీస్తుంటే, కెమెరాను ఎంత కదలకుండా పట్టుకున్నా ముఖాలు మసకగానే వస్తున్నాయి. ట్రైపాడ్ కొనడం అవసరమంటారా?

జవాబు 1: ట్రైపాడ్ మీ చేతి వణుకును ఆపుతుంది గాని, పిల్లల కదలికను ఆపలేదు. షట్టర్ వేగం 1/250 సెకను కంటే నెమ్మదించకుండా చూసుకొని, ఎపర్చర్‌ను (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రాన్ని) ఎఫ్/2 దగ్గర, అంటే బాగా తెరిచి ఉంచి, అప్పటికీ వెలుతురు చాలకపోతే ఐఎస్ఓను (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయిని) 3200 వరకు నిస్సంకోచంగా పెంచండి. దాంతో వచ్చే నాయిస్‌ను (ఫోటోలో కనిపించే చుక్కలను) తరువాత సాఫ్ట్‌వేర్‌తో తగ్గించుకోవచ్చు. కదిలిన ముఖాన్ని సరిచేయడం మాత్రం చాలా కష్టం.

జవాబు 2: ఎఫ్/2 వద్ద ఫోకస్ లోతు (స్పష్టంగా కనిపించే దూరపు పరిధి) బాగా తక్కువ కనుక, ఫోకస్ పాయింట్‌ను మీకు దగ్గరగా ఉన్న కంటిపైనే పెట్టండి.

ప్రశ్న అడిగినవారు: ఫోటో వివరాలు చూశాను. ఆటో మోడ్‌లో కెమెరా 1/40 సెకను షట్టర్ వేగాన్ని ఎంచుకుంటోంది.

జవాబు 1: కారణం అదే. షట్టర్ ప్రయారిటీకి (షట్టర్ వేగాన్ని మీరే ఎంచుకునే మోడ్‌కు) మార్చి, ఐఎస్ఓను ఆటోలో ఉంచండి.