సేవా సదస్సుకి వెళ్తున్నా, అక్కడ ఏం చేయాలో ఎవరైనా చెప్పండి

జీడితోట కుర్రాడు: సాయంత్రం నుంచి వెతుకుతున్నా, పనికొచ్చేది ఒక్కటీ దొరకలేదు. అన్నీ "ఆత్మవిశ్వాసంతో ఉండండి, చిరునవ్వుతో పలకరించండి" రకమే. వచ్చే వారం స్టూడెంట్ సర్వీస్ కాన్ఫరెన్స్ ఉంది, మా కాలేజీ నుంచి నన్నూ ఇంకో అమ్మాయినీ పంపిస్తున్నారు. మా కాలేజీలో ఎనెస్సెస్ (జాతీయ సేవా పథకం) చూసే ప్రోగ్రాం ఆఫీసర్, అదే పీవో సార్‌ని అడిగితే "వెళ్ళి కాలేజీ పేరు నిలబెట్టండి" అన్నారు, అంతే. షెడ్యూల్ చూస్తే ఒకే టైమ్‌కి నాలుగు హాళ్ళలో నాలుగు ప్రోగ్రాములు. ఊరికే సర్టిఫికెట్ పట్టుకుని రావడం నాకిష్టం లేదు. వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి ప్లీజ్, బుర్ర వేడెక్కిపోతోంది.

సూటిగా: నచ్చిన హాల్లో కూర్చో. నిద్రపోకు.

పాత పీవో: ముందు అది సదస్సో శిబిరమో చెప్పండి. జాతీయ సమైక్యతా శిబిరమైతే ఏడు రోజులుంటుంది, శ్రమదానం, రాత్రి సాంస్కృతిక కార్యక్రమాలు, అన్ని రాష్ట్రాల పిల్లలు కలిసి ఉండటం, దానికి సిద్ధపడే పద్ధతి వేరు. సదస్సైతే ప్రసంగాలు, పోస్టర్లు, చర్చలు. ఈ మధ్య ప్రతిదాన్నీ కాన్ఫరెన్స్ అనేస్తున్నారు.

సూటిగా: పేరేదైతే ఏంటి సార్, భోజనం పెడతారు, సర్టిఫికెట్ ఇస్తారు.

పాత పీవో: తేడా ఉంది బాబూ. శిబిరానికి వెళ్ళేటప్పుడు మీ ఏరియా పాటో నృత్యమో ఒకటి సిద్ధంగా లేకపోతే అక్కడ దిక్కులు చూస్తావు. సదస్సుకి వెళ్ళేటప్పుడు మీ కాలేజీ ఎనెస్సెస్ యూనిట్ చేసిన పని లెక్కలు చేతిలో లేకపోతే అదే పరిస్థితి. ఇంకో ముక్క, ఓడీ లెటర్ (కాలేజీ పని మీదే వెళ్ళారని ఇచ్చే ఆన్ డ్యూటీ కాగితం) వెళ్ళేముందే తీసుకోండి, తిరిగొచ్చాక అటెండెన్స్ కోసం ప్రిన్సిపల్ గది ముందు నిలబడే పిల్లల్ని ఏటా చూశాను.

ఓ-నెగెటివ్: ఎవరైనా అక్కడ అడగాల్సిన ప్రశ్న నేను చెప్తా. సేవ అనగానే అందరూ రక్తదాన శిబిరమే పెడతారు, అదీ నాయకుల పుట్టినరోజుకో సెప్టెంబర్ 24న ఎనెస్సెస్ డేకో. ఎర్రకణాలు సంచి రకాన్ని బట్టి 35 నుంచి 42 రోజులకి మించి నిల్వ ఉండవు, ప్లేట్‌లెట్లయితే అయిదు రోజులే. అందరూ ఒకే వారంలో ఇచ్చి, మేలో కాలేజీలు మూసేసి ఊళ్ళకెళ్ళిపోతే ఆస్పత్రిలో తరచూ రక్తం ఎక్కించాల్సిన తలసీమియా పిల్లలు ఏం కావాలి? మగవాళ్ళు 90 రోజులకి, ఆడవాళ్ళు 120 రోజులకి మళ్ళీ ఇవ్వొచ్చు, అంటే ఏడాదంతా వంతులవారీగా జాబితా వేసుకోవచ్చు కదా. ఏ యూనిట్ చేస్తోంది? ఫొటోకి మాత్రం బొటనవేలు పైకెత్తి...

సూటిగా: మళ్ళీ మొదలెట్టావా అన్నా.

ఓ-నెగెటివ్: ఎండాకాలంలో ఒక్క యూనిట్ రక్తం కోసం నువ్వు ఒక్కసారి తిరుగు, అప్పుడు మాట్లాడు.

సముద్రపు గాలి: తమ్ముడూ, నేను చదువుకునే రోజుల్లో ఇలాంటివాటికి వెళ్ళాను. నాలుగు హాళ్ళూ చుట్టేద్దామనుకోకు. రాత్రే షెడ్యూల్ చూసి పూటకి ఒక్కటి ఎంచుకో, అదీ పెద్ద పేర్లవాళ్ళది కాదు, చేతులు మట్టి చేసుకున్న స్టూడెంట్లు మాట్లాడేది. పెద్దల ప్రసంగాలు తర్వాత వీడియోలో దొరుకుతాయి. మాట్లాడినవాళ్ళని పక్కకి పిలిచి మూడే విషయాలు అడుగు: పర్మిషన్ ఎవరిచ్చారు, డబ్బు ఎంతైందీ ఎక్కడి నుంచి తెచ్చారూ, మీ బ్యాచ్ వెళ్ళిపోయాక ఆ పని ఎవరు చేస్తున్నారు. మూడోదానికి చాలామంది నీళ్ళు నములుతారు, సమాధానం ఉన్నవాళ్ళని వదలకు. భోజనాల దగ్గర మీ కాలేజీవాళ్ళే గుంపుగా కూర్చోకండి. నంబర్ తీసుకుంటే పేరు పక్కన ఏ పని గురించి మాట్లాడారో రాసుకో, లేకపోతే వారం తర్వాత ఆ "రాహుల్ కాన్ఫరెన్స్" ఎవరో నీకే గుర్తుండదు. ఇంతకీ ఎక్కడ? మీ యూనిట్ ఏం చేస్తుంది? నువ్వు వినడానికి వెళ్తున్నావా, చెప్పడానికా?

జీడితోట కుర్రాడు: భువనేశ్వర్ అన్నా. మేం పలాస దగ్గర. చెప్పడానికి కూడా, ఎనిమిది నిమిషాలు ఇచ్చారు. నాకు హిందీ రాదు, ఇంగ్లీష్ అంతంతమాత్రం. మా యూనిట్ పెద్దగా ఏం చేయలేదు, మా శ్రీకాకుళం జిల్లాలో కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం ఊళ్ళలో ఆ జబ్బువాళ్ళ ఇళ్ళకి వెళ్ళి మందులు వాడుతున్నారా, డయాలసిస్‌కి వెళ్ళడానికి బండి ఉందా అని రాసుకోవడం, అంతే.

సముద్రపు గాలి: ఇది ముందు చెప్పవేం! ఉద్దానం సంగతి వినాలని ఆ హాల్లో సగం మంది నీ దగ్గరికే వస్తారు. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల పేర్లతో చిన్న మ్యాపు వేసుకో, పలాస కిడ్నీ ఆస్పత్రికి ఏ ఊరు ఎంత దూరమో చూపించు. ఒక ఇంటి కథ, పేరు లేకుండా చెప్పు, ఫొటో అసలొద్దు. ఇంగ్లీష్ చిన్న చిన్న వాక్యాల్లో రాసుకుని అద్దం ముందు కాదు, మీ ఊళ్ళో ఎవరి ముందైనా చదువు.

పాత పీవో: ఒక జాగ్రత్త. "ఈ కిడ్నీ జబ్బు నీళ్ళ వల్లే వచ్చింది" అని స్టేజీ మీద తేల్చి చెప్పకండి. ఏళ్ళ తరబడి పరిశోధనలు జరిగినా ఫలానాదే కారణమని ఇంకా తేలలేదు. ఎవరో ఒక డాక్టర్ లేచి అడిగితే ఇబ్బంది.

సూటిగా: మా మామయ్య నీళ్ళ వల్లే అంటాడు.

పాత పీవో: మీ మామయ్య నెఫ్రాలజిస్టా, కిడ్నీ డాక్టరా?

సముద్రపు గాలి: అది వదిలేయండి. తమ్ముడూ, ఇంకోటి. భువనేశ్వర్ కాబట్టి తుఫాను షెల్టర్ల గురించి అక్కడి స్టూడెంట్లని అడిగి తెలుసుకో. 1999 సూపర్ సైక్లోన్ తర్వాత ఒడిశా తీరంలో షెల్టర్లు కట్టుకుంటూ వచ్చారు, హెచ్చరిక రాగానే ముసలివాళ్ళని ఎవరు తీసుకెళ్ళాలో ముందే జాబితా ఉంటుంది, కుర్రాళ్ళకి ట్రైనింగ్ ఇస్తారు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను మనవైపు తీరం దాటినప్పుడు కొబ్బరి, జీడితోటలు ఎలా పడిపోయాయో మీ ఇంట్లో అడుగు. డయాలసిస్ పేషెంట్లున్న ఊరికి తుఫానొస్తే రోడ్డు మూసుకుపోయి కరెంటు లేని రోజుల్లో వాళ్ళనెలా తరలించాలి? మీ జాబితా అప్పుడు పనికొస్తుంది. ఇది వాళ్ళతో కలిసి కూర్చుని మాట్లాడాల్సిన విషయం. హిందీ గురించి టెన్షన్ పడకు, బరంపురం వైపు కాలేజీల పిల్లలొస్తే చాలామందికి తెలుగొచ్చు, మొదట వాళ్ళని వెతుక్కో.

ఓ-నెగెటివ్: డయాలసిస్ పేషెంట్లకి రక్తహీనత ఎక్కువ, కొందరికి రక్తం ఎక్కించాల్సి వస్తుంది. వంతులవారీ జాబితా అని నేను ముందే చెప్పాను, ఎవరూ వినరు.

సూటిగా: ఈసారి మాత్రం పాయింట్ ఉంది.

జీడితోట కుర్రాడు: థాంక్స్ అన్నా, సార్. మ్యాపు వేస్తున్నా. ఆ అమ్మాయికి ఒక హాలు, నాకు ఒక హాలు అని పంచుకున్నాం.

కొత్త వాలంటీర్: ఆ ఓడీ లెటర్ పీవో ఇస్తారా, ప్రిన్సిపల్ ఇస్తారా? మా దగ్గర ఇద్దరూ ఒకరి మీద ఒకరు చెప్తున్నారు.