ఇరవై ఆరు గంటల ప్రయాణం, భోజనం లేని టికెట్టు: ఇంటి నుంచి కట్టుకెళ్లాలా, విమానంలో కొనుక్కోవాలా?

ప్రశ్న – ఖమ్మం నుంచి

నమస్కారమండి. వచ్చే నెలలో మా కుటుంబం ఆరుగురం మెల్‌బోర్న్‌లో ఉంటున్న మా ఆడపడుచు ఇంటికి బయలుదేరుతున్నాము. మేమిద్దరం, ఏడేళ్ల బాబు, మూడేళ్ల పాప, మా అత్తయ్య, మామయ్య. ధర తక్కువని సింగపూర్ మీదుగా వెళ్లే బడ్జెట్ విమానంలో టికెట్లు తీసుకున్నాము. ఆ ధరలో భోజనం కలిసి లేదన్న సంగతి డబ్బు కట్టిన తర్వాతే గమనించాము. శంషాబాద్ నుంచి సింగపూర్‌కు దాదాపు నాలుగున్నర గంటలు, అక్కడ ఆరు గంటల నిరీక్షణ, ఆపైన మెల్‌బోర్న్‌కు ఏడున్నర గంటలు. ఇంటికి తాళం వేసినప్పటి నుంచి లెక్కపెడితే, కారు ప్రయాణమూ, మూడు గంటల ముందే విమానాశ్రయం చేరడమూ కలుపుకొని మొత్తం ఇరవై ఆరు గంటలవుతుంది.

మామయ్యకు మధుమేహం ఉంది, భోజనానికి ముందు ఇన్సులిన్ తీసుకుంటారు. అత్తయ్య ఉల్లి, వెల్లుల్లి తినరు, బయటి వంట ముట్టరు. ఆమె ఇప్పటికే పులిహోరకు కొత్త చింతపండు గింజలు తీసి విడిగా పెట్టారు. మావారేమో నలుగురిలో డబ్బాలు విప్పడం బాగుండదని, ముందుగా డబ్బు కట్టి ఆరుగురికీ భోజనాలు చెప్పేద్దామని అంటున్నారు. ఇద్దరి మాటలోనూ న్యాయం కనిపిస్తోంది. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

మెల్‌బోర్న్ నుంచి ఒక సభ్యుడు

మీవారి నిర్ణయమే సరైనదని నా అభిప్రాయమండి, అయితే ఆయన చెప్పిన కారణం వల్ల మాత్రం కాదు. మన తిండి మనం తినడానికి ఎవరి ముందూ మొహమాటపడనక్కరలేదు. అసలు ఇబ్బందులు వేరే ఉన్నాయి.

మొదటిది, బయటి ఆహారం విమానంలో తినరాదని కొన్ని బడ్జెట్ సంస్థల ప్రయాణ నిబంధనల్లోనే రాసి ఉంటుంది. వాళ్ల లాభం టికెట్టులో కంటే లోపల అమ్మే వస్తువుల్లో ఉంటుంది కాబట్టి ఆ నియమం పెట్టుకుంటారు. సిబ్బంది చాలాసార్లు చూసీ చూడనట్టు వదిలేస్తారు గానీ, వదిలేస్తారన్న ధైర్యంతో మధుమేహం ఉన్న పెద్దాయనను ఎక్కించకూడదు. మీ టికెట్టుతో వచ్చిన నిబంధనలను ఇవాళే చదవండి.

రెండోది దిగిన తర్వాత ఎదురయ్యేది. ఆస్ట్రేలియాలోకి తెచ్చే ఆహారం ఏదైనా సరే ప్రవేశ కార్డులో ప్రకటించాలి. తాజా పండ్లు, కూరగాయలు, మాంసం లోపలికి రానివ్వరు. గుడ్లు, పాల పదార్థాలు, విత్తనాల మీద కఠినమైన ఆంక్షలు ఉన్నాయి. 2022 జూలైలో బాలి నుంచి వచ్చి డార్విన్‌లో దిగిన ఒక ప్రయాణికుడి సంచిలో రెండు గుడ్డు, మాంసం మఫిన్లు, ఒక హామ్ (పంది మాంసం) క్రోసాంట్ ప్రకటించకుండా దొరికినందుకు 2,664 ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా విధించారు. అప్పట్లో ఇండోనేషియాలో పశువులకు గాలికుంటు వ్యాధి ప్రబలి ఉంది. ఆ వ్యాధి మన దేశంలోనూ ఉంది కాబట్టి పాలకోవా, పెరుగు వంటివి మిగిల్చుకొని దిగకండి. విమానంలో కొన్న తిండి మిగిలినా ఇదే వర్తిస్తుంది. నిజాయితీగా ప్రకటించి అప్పగిస్తే జరిమానా ఉండదు, ఆ పదార్థం మాత్రం పోతుంది.

విజయవాడ నుంచి ఒక సభ్యురాలు

అమ్మా, మీ అత్తయ్యగారి పక్షాన నేను మాట్లాడతాను. పిల్లల దగ్గరికి మేమిద్దరం నాలుగుసార్లు వెళ్లి వచ్చాము, అందులో రెండు ప్రయాణాలు భోజనం లేని టికెట్లతోనే. ఒకసారి ఇలాగే అందరికీ ముందుగా డబ్బు కట్టి శాకాహార భోజనాలు చెప్పాము. రెండో విమానంలోకి మా భోజనాలు ఎక్కనే లేదు. రసీదు చూపిస్తే ఆ అమ్మాయి క్షమాపణ చెప్పి, ఉన్నవి నూడుల్స్ మాత్రమేనని చెప్పింది. దాని మీద రాసిన వివరాలు చదివితే అందులో ఉల్లిపొడి, వెల్లుల్లిపొడి రెండూ ఉన్నాయి. మావారు ఆ రాత్రంతా నాలుగు బిస్కెట్లతో గడిపారు. సొమ్ము తర్వాత తిరిగి వచ్చింది గానీ, ఆకలి వేసిన సమయానికి ఆ సొమ్ము అన్నం పెట్టలేదు కదా. శాకాహారం అన్న మాటకూ, ఉల్లి వెల్లుల్లి లేని వంట అన్న మాటకూ ఎంత దూరం ఉందో వంట తెలిసిన వారికి చెప్పనక్కరలేదు. జైన భోజనం దొరికే సంస్థలు కొన్ని ఉన్నాయి, మీది అటువంటిదేమో కనుక్కోండి.

ఇక కట్టుకునే పద్ధతి చెబుతాను. పులిహోరకు అన్నం పలుకుగా వండి, వెడల్పాటి పళ్లెంలో పరిచి, ఆవిరి పూర్తిగా పోయాకే కలపాలి. పులుసు నూనె పైకి తేలేదాకా దగ్గరగా ఉడకాలి. నువ్వుల నూనె కాస్త ధారాళంగా వేయండి. పచ్చికొబ్బరి అసలు వద్దు. ఇడ్లీలు చేస్తే చల్లారిన తర్వాత రెండు వైపులా కారప్పొడి, నూనె రాసి, సెగ చూపిన అరిటాకులో మనిషికి మూడేసి చొప్పున పొట్లం కట్టండి. విప్పినప్పుడు చేతికి అంటుకోకుండా వస్తాయి, చెంచా అక్కరలేదు, తిన్నాక ఆకును మడిచి చెత్త సంచిలో వేసి సిబ్బందికి ఇచ్చేయవచ్చు. చపాతీ పిండిని పాలతో కలపకండి, నీళ్లు, నూనెతోనే కలపండి. పిల్లలకు సున్నుండలు చిన్నవిగా, ఒక్క నోటికి సరిపడేటట్టు కట్టండి. పెద్ద ఉండ ఇస్తే సగం సీటు సందులోకి పోతుంది. జంతికలు కూడా విరిచి డబ్బాలో పోసుకోవడం మేలు. ఎవరి పొట్లం వారికి విడిగా ఉండాలి. ఇరుకు సీట్లలో పెద్ద క్యారియర్ విప్పి గిన్నెలు చేతులు మార్చుకోవడం చాలా కష్టం.

పెరుగు డబ్బా మాత్రం వద్దు. మొదటిసారి నేను గట్టి మూత ఉన్న డబ్బాలో దద్దోజనం పెట్టుకున్నాను. పైకి వెళ్లాక మూత ఉబ్బి ఉందన్న సంగతి గమనించకుండా తెరిచాను. పక్క సీటులోని ఆయన చొక్కా చేతి మీద పెరుగు పడింది. ఆయన ఏమీ అనలేదు గానీ, ఆ ప్రయాణమంతా నాకు మనసు మనసులో లేదు.

హైదరాబాద్ నుంచి, ఆహార సూక్ష్మజీవశాస్త్రం బోధించే ఒక సభ్యుడు

పైన చెప్పిన మూత సంగతికి కారణం ఉంది. విమానం ఎంత ఎత్తున ఎగిరినా లోపలి పీడనాన్ని సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల కొండ మీద ఉండేంతగా ఉంచుతారు. నేల మీద మూసిన డబ్బాలోని గాలి అక్కడ వ్యాకోచిస్తుంది. మన పేగుల్లోని వాయువు కూడా అలాగే వ్యాకోచిస్తుంది కనుక శనగలు, రాజ్మా, గ్యాసు నిండిన శీతల పానీయాలు ఎక్కే ముందు తినకపోవడం పెద్దలకూ, పిల్లలకూ సుఖం.

ఈ చర్చలో ఇంతవరకు ఎవరూ అడగని ప్రశ్న ఒకటి ఉంది. వంట ఎవరిదన్నది అటుంచండి, వండి ఎన్ని గంటలైందన్నది ముఖ్యం. 1975 ఫిబ్రవరిలో టోక్యో నుంచి ప్యారిస్ వెళుతున్న ఒక విమానంలో దాదాపు రెండు వందల మంది ప్రయాణికులు ఫలహారం తిన్న కొద్ది గంటలకే వాంతులు, విరేచనాలతో పడిపోయారు. వంటమనిషి వేలికి ఉన్న పుండు నుంచి హామ్ ముక్కలకు సూక్ష్మజీవులు అంటాయి, ఆ ఆహారం శీతలీకరణ లేకుండా గంటల తరబడి ఉండిపోయింది, అంతసేపట్లో విషం తయారైంది. వృత్తి వంటశాలలో జరిగినదే ఇంటి వంటలోనూ జరగవచ్చు. అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి సిద్ధబీజాలు, అంటే గట్టి పొరలో నిద్రాణంగా ఉండే దాని రూపాలు, ఉడికించినా చావవు. ఐదు డిగ్రీల సెల్సియస్‌కూ అరవై డిగ్రీలకూ మధ్య అన్నం గంటల కొద్దీ ఉంటే అవి మొలిచి విషాన్ని తయారుచేస్తాయి, ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు.

మీరు ఖమ్మంలో తెల్లవారుజామున వండిన ఇడ్లీ సింగపూర్ దాటాక తినేసరికి పద్దెనిమిది గంటలు దాటుతుంది. ఇంట్లోనైతే అంత పాత ఇడ్లీని మూడేళ్ల పాపకు ఎవరమూ పెట్టము. అందుచేత నా సలహా ఇది: తడి పదార్థాలన్నీ కారులోనూ, శంషాబాద్‌లో భద్రతా తనిఖీకి ముందూ ముగించండి, మొదటి విమానంలోకి, ఆ తర్వాతకు పొడి తిండి మాత్రమే వెళ్లాలి. అంటే జంతికలు, సున్నుండలు, వేయించిన అటుకులు, పల్చగా ఒత్తి బాగా కాల్చిన ఖాక్రా వంటి రొట్టెలు. నీటి శాతం తక్కువైనప్పుడు సూక్ష్మజీవులు పెరగలేవు. వేడి భోజనం సింగపూర్‌లోని ఆరు గంటల విరామంలో కొనండి.

మామయ్యగారి ఇన్సులిన్ చేతి సంచిలోనే ఉండాలి, సామాను గదిలో గడ్డకట్టి పాడయ్యే ప్రమాదం ఉంది. వైద్యుని చీటీ దగ్గర ఉంచుకోండి. ఆహారం కళ్ల ముందుకు వచ్చేదాకా సూది వేసుకోవద్దని ఆయనకు గట్టిగా చెప్పండి. విజయవాడ అమ్మగారికి జరిగినట్టు భోజనం రాకపోతే చక్కెర పడిపోతుంది. గ్లూకోజ్ బిళ్లలు జేబులో ఉండాలి.

విజయవాడ సభ్యురాలు

అయ్యా, ఇడ్లీ విషయంలో మీ మాటకు ఎదురు చెప్పను. పులిహోరను మాత్రం ఆ వరుసలో కలపకండి. గుడిలో ఉదయం కలిపిన పులిహోర సాయంత్రం ప్రసాదంగా తిని పెరిగినవాళ్లం మనం. పొలం పనికీ, తీర్థయాత్రకీ మన పెద్దలు దాన్నే ఎందుకు ఎంచుకున్నారు? పులుపు, పసుపు, నూనె, ఉప్పు అన్నీ నిలవ ఉంచే గుణమున్నవే కదా.

హైదరాబాద్ సభ్యుడు

పులుపు సూక్ష్మజీవులను నెమ్మదింపజేస్తుందన్నది నిజమేనమ్మా. అయితే ఆ రక్షణ పులుపు ప్రతి మెతుకుకూ పట్టినప్పుడే పనిచేస్తుంది. పిల్లల కోసం పులుపు తగ్గించి కలిపితే పేరుకు పులిహోరే గానీ గుణానికి మామూలు అన్నమే. గట్టి పులుపుతో, పూర్తిగా ఆరిన అన్నంతో కలిపినదైతే మొదటి విమానం దాకా నేను ఒప్పుకుంటాను. రెండో విమానానికి ఒప్పుకోను.

బెంగళూరు నుంచి ఒక సభ్యుడు

పల్లీల సంగతి ఎవరూ ఎత్తలేదు. నా కుమార్తెకు వేరుశనగ పడదు, ఆ ప్రతిచర్య ప్రాణం మీదికి వచ్చేంత తీవ్రమైనది. పక్క వరుసలో ఎవరైనా పల్లీ చిక్కీ తిని అదే చేత్తో సీటు పిడి పట్టుకుంటే మాకు భయం. మన పులిహోరలో, కారప్పొడిలో, చట్నీపొడిలో పల్లీ ఉండనే ఉంటుంది. మీ ఇంటి తిండి తెచ్చుకోవద్దని నేను అనను. పల్లీకి బదులు వేయించిన శనగపప్పు వేసుకోండి, తిన్న తర్వాత తడి కాగితంతో చేతులు, బల్ల తుడవండి. ఆవకాయ మూత లోపల తెరవకపోవడం కూడా అటువంటి మర్యాదే, ఆ గాలిలోనే అందరూ గంటల తరబడి కూర్చోవాలి.

మెల్‌బోర్న్ సభ్యుడు

హైదరాబాద్ వారి పద్ధతి విన్నాక నా మాటను కొంత సవరించుకుంటున్నాను. పొడి తిండి తెచ్చుకోవడం మంచిదే, అయినా నిబంధనల విషయం ముందుగా తేల్చుకోవాలి. చంటిపిల్లల ఆహారానికీ, వైద్య అవసరాలకూ మినహాయింపు ఇచ్చే సంస్థలు ఉన్నాయి కాబట్టి, మామయ్యగారి పరిస్థితిని వైద్యుని లేఖతో సహా రాసి పంపి, జవాబును ముద్రించి దగ్గర ఉంచుకోండి.

మరో రెండు సంగతులు. అంతర్జాతీయ విమానాల్లో చేతి సంచిలోని ద్రవాలకు 100 మిల్లీలీటర్ల పరిమితి 2006 ఆగస్టులో లండన్‌లో బయటపడిన కుట్ర తర్వాత వచ్చింది. పెరుగు, నూనె తేలే పచ్చడి, చట్నీ అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. సింగపూర్ చాంగీ విమానాశ్రయంలో ఈ తనిఖీ చాలావరకు గేటు దగ్గరే జరుగుతుంది కాబట్టి, విరామంలో నింపుకున్న నీళ్ల సీసాలు అక్కడ మళ్లీ ఖాళీ చేయవలసి వస్తుంది. ఖాళీ సీసాలతో గేటు దాటి, లోపల కుళాయి ఉంటే అక్కడే నింపుకోండి. చెవులు దిబ్బడ పడతాయని పిల్లలకు చూయింగ్ గమ్ కొనకండి, సింగపూర్‌లోకి దాని దిగుమతి 1992 నుంచి నిషేధం. దిగేటప్పుడు గుక్కెడు గుక్కెడుగా నీళ్లు తాగిస్తే చాలు.

ఆడపడుచుగారి కోసం ఎండుకొబ్బరి చిప్పలు సర్దాలనుకుంటే మానుకోండి. నూనె ఎక్కువగా ఉండి తనంతట తాను వేడెక్కి అంటుకోగల సరుకుగా విమాన రవాణా నియమాలు దాన్ని లెక్కిస్తాయి. తాజా కరివేపాకు కూడా ఇక్కడ లోపలికి రాదు.

ఖమ్మం నుంచి, ప్రశ్న అడిగిన సభ్యురాలు

అందరికీ కృతజ్ఞతలండి. రాత్రి మీ మాటలన్నీ అత్తయ్యకు చదివి వినిపించాను. పద్దెనిమిది గంటల లెక్క విన్నాక ఆమె చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత పాపకు మాత్రం ఇడ్లీలు వద్దని తానే అన్నారు. పులిహోర ఉంటుంది, పల్లీ లేకుండా, గట్టి పులుపుతో. కారులో ఒక పూట, శంషాబాద్‌లో తనిఖీకి ముందు ఒక పూట. మావారికీ, మామయ్యకూ, బాబుకూ రెండో విమానంలో భోజనాలు చెప్పాము. అత్తయ్యకు సింగపూర్‌లో పండ్లు కొని అక్కడే తినిపిస్తాము, మెల్‌బోర్న్ దాకా ఒక్కటి కూడా మిగల్చము.

మా విమాన సంస్థ నిబంధనల్లో బయటి ఆహారం తినరాదన్న వాక్యం నిజంగానే ఉంది. మామయ్య వైద్యుని లేఖ జతచేసి నిన్ననే రాశాను, జవాబు రాగానే ఇక్కడ తెలియజేస్తాను. అత్తయ్యకు మాత్రం ఏ వైద్యుని లేఖా లేదు. ఆచారం కోసం తినే తిండికి కూడా ఆ మినహాయింపు అడగవచ్చునా, అడిగి సాధించినవారు ఎవరైనా ఉన్నారా? ఉంటే ఏమని రాశారో చెప్పండి, ఆ ఉత్తరం కూడా ఈ వారంలోనే పంపుతాను.