నల్ల జుట్టుకు మైదాకుతోని ఎరుపు వస్తదా? పెట్టాలా, వద్దా?

నల్లజడ (జడ్చర్ల):
అందరికి నమస్తే. జుట్టు నడుము దాకా ఉంది, మందం, బాగా నలుపు. ఇప్పటిదాకా ఏ రంగూ వెయ్యలే. కణతల దగ్గర ఇరవై ముప్పై తెల్ల వెంట్రుకలు ఉన్నయి. ఎర్రగ కనబడాలని ఉంది గానీ డబ్బా రంగులు వద్దనుకుంటున్న. మైదాకు పొడి పెడితే ఎరుపు నిజంగ తెలుస్తదా? నచ్చకపోతే తీసేయొచ్చా? ఇంట్ల బోరు నీళ్ళే, సబ్బు నురగ రాదు. పెరుగు, గుడ్డు, చాయ్ డికాక్షన్, ఇనుప కడాయి అని తలా ఒకటి చెప్తున్నరు. ఎంత పొడి కావాలె, ఎంతసేపు ఉంచాలె? తెలిసినోళ్ళు వివరంగ చెప్పండి.

మైదాకు చెట్టు (నల్లగొండ):
చెల్లె, పొడి కొనకముందే తెలుసుకోవాల్సింది ఒకటుంది. మైదాకు రంగు ఎక్కిస్తది గానీ ఉన్న నలుపును తీయదు. నల్ల చీర మీద ఎర్ర రంగు అద్దితే ఎట్లుంటదో ఇదీ అంతే. ఇంట్ల ట్యూబులైటు కింద నీ జుట్టు నల్లగనే ఉంటది. ఎండలకు పోతే అంచుల మీద ఎర్రటి మెరుపు తెలుస్తది. రెండు మూడు సార్లు పెట్టినంక ఆ మెరుపు ఇంకొంచెం చిక్కనైతది, అంతకు మించి మారదు. నీకు ఆ మెరుపు చాలనుకుంటే పెట్టుకో. ఇంట్ల కూడా ఎర్రగ కనబడాలంటే ఒట్టి మైదాకుతోని కాదు.

ఇగ ఆ తెల్ల వెంట్రుకలు. నువ్వు ఎక్కువ ఆలోచించాల్సింది వాటి గురించే. నలుపు మీద కనబడీ కనబడనట్టుండే రంగు తెలుపు మీద పూర్తిగ కనబడ్తది. కడిగిన రోజు నారింజ రంగులుంటది, రెండు మూడు రోజులల్ల గాలి తగిలి రాగి రంగుకు దిగుతది. కణతల దగ్గర రాగి తీగల లెక్క మెరుస్తయి. కొందరికి అదే అందం, కొందరికి అస్సలు నచ్చదు. నువ్వు ఏ రకమో ముందే తేల్చుకో.

తీసేయడం సంగతి: తీయలేవు. షాంపూతోని పోదు, నూనెతోని ఓ రవ్వంత తగ్గుతది. జుట్టు నెలకు సుమారు సెంటీమీటరు పెరుగుతది, నడుము దాకా ఉన్న జుట్టు మొత్తం మారాలంటే ఏండ్లు పడ్తది. అందుకే తలంతా పెట్టకముందు దువ్వెనకొచ్చిన వెంట్రుకలు పోగు చెయ్యి. నల్లవి ఒక కుచ్చు, తెల్లవి నాలుగైదు. దారంతోని కట్టి, తలకు పెట్టే పొడినే కలిపి నాలుగు గంటలు ఉంచి కడుగు. మూడో రోజు వాకిట్ల ఎండకు, తర్వాత ఇంట్ల లైటు కింద చూడు. నీ తల ఎట్లుంటదో ఆ కుచ్చే చెప్తది.

కొండారెడ్డిపల్లె దారి:
ఇనుప కడాయిల చాయ్ డికాక్షన్ పోసి రాత్రంతా నానబెట్టి, పొద్దున పెరుగు, ఒక గుడ్డు కలిపి పెడితే జుట్టు మెత్తగ అయితది, రంగు మంచిగ పడ్తది. మా దిక్కు అందరూ చేసేది ఇదే. పొడి కూడా తక్కువ పడ్తది.

రసాయనం బెంచీ (మిర్యాలగూడ):
పైన చెప్పిన పద్ధతి మెత్తదనానికి పనికొస్తుంది, ఎరుపుకు మాత్రం అడ్డం. కారణం చెప్తాను.

మైదాకులో రంగునిచ్చే పదార్థం లాసోన్. అది వెంట్రుకలోని కెరటిన్ అనే ప్రొటీన్‌ను పట్టుకుంటుంది, అందుకే కడిగినా పోదు. కానీ దానికి నీ వెంట్రుక ప్రొటీనా, గుడ్డు ప్రొటీనా అనే తేడా లేదు. గిన్నెలోకి పెరుగు, గుడ్డు వేస్తే లాసోన్ కొంత అక్కడే వాటిని పట్టుకుని ఖర్చైపోతుంది, తలకు మిగిలేది తక్కువ. మెత్తదనం కావాలంటే రంగు కడిగిన తర్వాత వేరే రోజు పెరుగు పెట్టుకోవచ్చు. పేస్టులో నూనె వేసినా ఇబ్బందే. వెంట్రుక మీద పొరలా నిలిచి రంగును లోపలికి పోనివ్వదు.

ఇనుప కడాయిలో ఇనుము లాసోన్‌తో కలిసి రంగును గోధుమ వైపు, నలుపు వైపు లాగుతుంది. దాంట్లో చాయ్ పోస్తే చాయ్‌లోని టానిన్ అనే వగరు పదార్థం, ఇనుము కలిసి సిరాలాంటి నలుపు వస్తుంది. తెల్ల వెంట్రుకలు ముదురుగా కనబడాలనుకునేవాళ్ళకు అది సరే. ఎరుపు కోరుకునేవాళ్ళు స్టీలు, గాజు, ప్లాస్టిక్ గిన్నె వాడాలి. బీట్‌రూట్ రసం గురించి కూడా ఎవరో ఒకరు చెప్తారు కాబట్టి ముందే అంటున్నాను: ఆ ఎరుపు వెంట్రుకను పట్టుకోదు, మొదటి స్నానానికే పోతుంది.

బోరు నీళ్ళ సంగతి మన ప్రాంతానికి ముఖ్యం. నల్లగొండ నీళ్ళనగానే అందరికీ ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. రంగు పాడుచేసేది అది కాదు. నురగ రాని నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ, చాలాచోట్ల క్షార గుణం కూడా ఉంటుంది. క్షారంలో లాసోన్ త్వరగా విడుదలై త్వరగా పాడైపోతుంది, ఎరుపు మట్టిరంగుకు తిరుగుతుంది. పైగా ఆ లవణాలు వెంట్రుక మీద పొరకట్టి ఉంటాయి. పొడి కలపడానికి ఆర్ఓ నీళ్ళు గానీ భగీరథ నల్లా నీళ్ళు గానీ వాడండి. కావలసింది లీటరున్నర లోపే. ముందు రోజు తలస్నానంలో చివరగా ఒక మగ్గు నీళ్ళలో ఒక నిమ్మకాయ పిండి పోసుకుంటే ఆ పొర కొంత వదులుతుంది.

మైదాకు చెట్టు (నల్లగొండ):
నీళ్ళ గురించి మంచిగ చెప్పిన్రు. ఇగ కొలతలు రాస్త.

మెడ దాకా జుట్టుకు 100 గ్రాముల పొడి, భుజాల దాకా 200, నీలెక్క నడుము దాకా మందంగ ఉంటే 400 దగ్గర పడ్తది. తక్కువ కలిపి సాగదీస్తే మచ్చలు మచ్చలుగ వస్తది. 100 గ్రాములకు సుమారు 300 మిల్లీలీటర్ల నీళ్ళు, అదీ ఒక్కసారి పొయ్యొద్దు. సగం పోసి ఉండలు లేకుండ కలిపి, మిగిలింది కొంచెం కొంచెం పోస్తూ చిక్కటి పెరుగంత కావాలె. గరిటె ఎత్తితే జారాలె, కారొద్దు. నీళ్ళు గోరువెచ్చగ చాలు, మసిలే నీళ్ళు పోస్తే ఎరుపు తగ్గి గోధుమ రంగైతది. కలిపే ముందు పొడిని పల్చటి గుడ్డల జల్లించు. పుల్లలు, ఈనెలు ఉంటే కడిగేటప్పుడు జుట్టుకు చిక్కుకొని ప్రాణం తీస్తయి. చెట్టు మీది పచ్చి ఆకు నూరి తలకు పెట్టొద్దనేది కూడా అందుకే, చేతులకైతే అదే మేలు.

నానే టైము మన ఎండను బట్టి. ఏప్రిల్, మే నెలలల్ల గది 38, 40 డిగ్రీలుంటే గంటన్నర రెండు గంటలల్ల రంగు దిగుతది. వానకాలం నాలుగైదు గంటలు, చలికాలం రాత్రి కలిపి పొద్దున పెట్టాలె. ‘రాత్రంతా నానబెట్టు’ అన్న మాట డిసెంబర్ల నిజం. అదే మాట మే నెలల పాటిస్తే పొద్దున్నకు రంగు చచ్చిపోతది. గడియారం కంటే అరచెయ్యి నమ్ము. కొంచెం పేస్టు పది నిమిషాలు అరచేతుల పెట్టి తుడిస్తే నారింజ మరక ఉండాలె. మరక లేకపోతే ఇంకా ఆగు. గిన్నెల పైపొర ముదురు గోధుమ, లోపల ఆకుపచ్చ ఉంటే సరిగ్గ తయారైందన్నట్టు.

నిమ్మరసం ఒక చెంచా రెండు చెంచాలు వేస్తే పర్వాలేదు, రంగు ఎర్రవైపు ఉంటది. నీళ్ళకు బదులు మొత్తం నిమ్మరసమే పోస్తే జుట్టు గడ్డిపోచయితది, నెత్తి మండుతది.

పెట్టే రోజు జుట్టుకు నూనె జాడ ఉండొద్దు. కుంకుడు రసంతోని గానీ షాంపూతోని గానీ రెండుసార్లు రుద్ది కడిగి, కండిషనర్ రాయకుండ, తడి పోయేదాక తుడువు. నుదురు, చెవులు, మెడ చుట్టూ కొబ్బరినూనె పూస్తే చర్మానికి మరక పట్టదు. ఆ నూనె వెంట్రుకలకు మాత్రం తగలొద్దు, తగిలిన కాడ రంగు పట్టదు. చేతులకు గ్లౌజులు వేసుకో. వెనుక నుంచి మొదలుపెట్టు, వేలు వెడల్పు పాయ తీసి కుదురు నుంచి చివర దాకా రెండు దిక్కులా మెత్తు. కణతలు చివరికి పెట్టి అక్కడ కొంచెం మందంగ అద్దు. అయినంక ముడి చుట్టి ప్లాస్టిక్ కవరు కట్టు. ఎండితే రంగు పనిచేసుడు ఆగిపోతది, తడి ఉన్నంతసేపే పట్టుడు. మూడు నుంచి నాలుగు గంటలు చాలు.

కడిగేటప్పుడు తలను బకెట్ల ముంచి మొదటి పొర వదిలించు, తర్వాత మగ్గుతోని. సగం బకెట్‌తోని కాదు, నాలుగైదు బకెట్లు పడ్తది. కండిషనర్ పెట్టి వేళ్ళతోని జార్చితే ఇసుకలాంటి పొడి వస్తది. షాంపూ రెండు రోజుల దాకా వద్దు. పాత టవల్, పాత దిండు గలీబు వాడు. మరకలు పోవు.

ఒకసారి మొత్తం పెట్టినంక నెల, నెలన్నరకు కుదుళ్ళకే పెట్టుకో. ప్రతిసారి పొడుగంతా పెడితే చివర్లు ముదురు మెరూన్ అయి, పైనొక రంగు కిందొక రంగు అయితది. ఉంగరాల జుట్టయితే వంకులు కొంచెం సాగుతయి, అది కూడా మనసుల పెట్టుకో.

కత్తెర, దువ్వెన (సూర్యాపేట):
పార్లర్ పని తెలిసినోళ్ళ మాటగా రెండు విషయాలు.

ఇంట్లో కూడా ఎర్రగా కనబడాలంటే ముందు నలుపు తగ్గించాలి, అంటే బ్లీచ్ లేదా పెరాక్సైడ్. నల్ల జుట్టు రెండు మూడు మెట్లు తేలికైతే దానంతట అదే ఎర్ర గోధుమకు వస్తుంది, దాని మీద మైదాకు పెడితే నిజమైన రాగి ఎరుపు. ఈ వరస తిరగబడకూడదు. మొదట మైదాకు పెట్టి తర్వాత బ్లీచ్ చేస్తే మొండి నారింజ రంగు మిగులుతుంది, దాన్ని సరిచేయడం చాలా కష్టం. బ్లీచ్ అయ్యాక వారం పది రోజులు జుట్టుకు విశ్రాంతినిచ్చి, అప్పుడు మైదాకు. ఆ మెట్టు మీద రంగు చాలా ప్రకాశంగా వస్తుంది కాబట్టి కుచ్చు పరీక్ష తప్పనిసరి. నడుము దాకా బ్లీచ్ చేస్తే చివర్లు తెగుతాయి, అది నేను సలహా ఇవ్వను. ముందు భాగంలో నాలుగైదు పాయలకు చేసుకుంటే ఎరుపూ తెలుస్తుంది, జుట్టూ దక్కుతుంది.

రెండోది ఇంకా ముఖ్యం: పొడి. ‘మెహందీ’ అని రాసిన ప్రతి ప్యాకెట్టూ మైదాకు కాదు. ‘బ్లాక్ మెహందీ’, ‘బర్గండీ మెహందీ’, ‘అరగంటలో రంగు’ అన్నవాటిలో పీపీడీ గానీ సోడియం పిక్రమేట్ గానీ, అంటే రసాయన రంగులు, కలుస్తాయి. మైదాకు సహజంగా నలుపు ఇవ్వదు, అరగంటలో ముదురు రంగూ ఇవ్వదు. పీపీడీ పడనివాళ్ళకు నుదురు, కనురెప్పలు వాచిపోతాయి, చెవుల వెనుక చీము పట్టినట్టు కారుతుంది. ఒకసారి పడకపోతే ఆ తర్వాత జీవితాంతం పడదు. ప్యాకెట్ వెనుక పదార్థాల జాబితాలో లాసోనియా ఇనర్మిస్ (మైదాకు శాస్త్రీయ నామం) ఒక్కటే ఉండాలి. మంచి పొడి రాజస్థాన్‌లోని సోజత్ నుంచి ఎక్కువగా వస్తుంది, కానీ ఆ పేరు ప్యాకెట్ మీద ఉన్నంత మాత్రాన సరిపోదు, జాబితా చదవాలి. వాసన ఎండుగడ్డిలా ఉండాలి, మందు వాసన రాకూడదు. మరీ చిలకాకుపచ్చగా మెరిస్తే రంగు కలిపారేమో అనుకోండి. గోధుమ రంగుకు మారిన పొడి పాతబడ్డది.

ఏ పొడి అయినా మోచేతి మడతలో రూపాయి బిళ్ళంత పూసి, ఆరాక కడిగి 48 గంటలు చూడండి. దురద, ఎర్రదనం, బొబ్బ ఏది వచ్చినా తలకు పెట్టొద్దు.

కణతల తెల్లవాటికి రాగి రంగు వద్దంటే వాటి వరకు నీలి ఆకు పొడి వాడొచ్చు. తయారైన మైదాకు పేస్టు రెండు వంతులు, నీలి పొడి కలిపిన పేస్టు ఒక వంతు కలిపితే ఎర్ర గోధుమ. నీలికి నిమ్మరసం వేయకూడదు, ఒట్టి నీళ్ళతో కలిపి పావుగంటలో వాడేయాలి. అది మైదాకులా గంటలు నానదు, ఆలస్యమైతే బలం పోతుంది.

నల్లజడ (జడ్చర్ల):
అందరికి చాలా థాంక్స్. ముందు దువ్వెన కుచ్చు, మోచేతి పరీక్ష రెండూ చేస్త. నాకు ఎండల మెరుపు చాలు, బ్లీచ్ వద్దు. ఇంకో రెండు డౌట్లు. 400 గ్రాములు కలిపినంక మిగిలితే ఏం చెయ్యాలె? ఇంట్ల అక్క బిడ్డ ఉంది, మూడు నెలలు. ఆషాఢం వస్తుంది కదా, మిగిలిన పేస్టు దాని కాళ్ళకు పెడ్తమంటున్నరు, పెట్టొచ్చా?

రసాయనం బెంచీ (మిర్యాలగూడ):
మిగిలిన పేస్టు గాలి చొరకుండా కవరులో కట్టి ఫ్రీజర్‌లో పెడితే నెలల తరబడి పనిచేస్తుంది. ఫ్రిజ్‌లో కింద అరలో పెడితే రెండు మూడు రోజులకు బలం తగ్గుతుంది. వాడేటప్పుడు బయట పెట్టి కరగనివ్వండి, స్టవ్ మీద వేడి చేయొద్దు. విడి పొడి అయితే గాలి చొరని డబ్బాలో, వెలుతురు తగలని చోట.

పసిబిడ్డకు మాత్రం పెట్టొద్దు, అరచెయ్యి అంత కూడా. జీ6పీడీ అనే ఎంజైము తక్కువున్న పిల్లల్లో లాసోన్ చర్మం గుండా లోపలికి వెళ్ళి రక్తకణాలను పగలగొడుతుంది. పుట్టుకతో వచ్చే ఈ లోపం పైకి కనబడదు. ఇంట్లో ఎవరికీ చెప్పుకోదగ్గ జబ్బు లేకపోయినా బిడ్డకు ఉండొచ్చు. ఆ లోపం ఉన్న పెద్దవాళ్ళు కూడా తలకు పెట్టుకోకూడదు. ఎవరైనా తెలియక ఇప్పటికే పెట్టి ఉంటే, బిడ్డ కళ్ళు పచ్చబడటం, మూత్రం చాయ్ రంగులో రావడం, పాలు తాగకుండా మత్తుగా ఉండటం కనబడితే అదే రోజు పిల్లల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళి మైదాకు పెట్టిన సంగతి మొదట చెప్పండి.