అప్‌డేట్: వేడెక్కాక ఆగిపోయే 100 సీసీ బండి, కారణం దొరికింది

కాసేపు నడిచాక నా పాత కార్బురేటర్ బండి ఉన్నట్టుండి ఆగిపోతోందని, చల్లారాక మళ్లీ స్టార్ట్ అవుతోందని అడిగాను కదా. సమస్య తీరింది. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

ఆగిన వెంటనే, వేడి మీదే ప్లగ్ విప్పి స్పార్క్ చూడమన్న సలహా పనిచేసింది. స్పార్క్ అసలు లేదు. మెకానిక్ మల్టీమీటర్ పెట్టి చూస్తే, పల్సర్ కాయిల్ (స్పార్క్ ఎప్పుడు రావాలో సిగ్నల్ ఇచ్చేది) చల్లగా ఉన్నప్పుడు రీడింగ్ చూపిస్తోంది, వేడెక్కితే ఓపెన్ అయిపోతోంది, అంటే లోపల సర్క్యూట్ తెగిపోతోంది. అందుకే షెడ్డులో చల్లారిన బండిని ఎప్పుడు చూసినా అంతా బాగానే కనిపించింది! కాయిల్ మార్చారు. దానికోసం ఇంజిన్ పక్క కవర్ ఎలాగూ విప్పారు కాబట్టి దాని గ్యాస్కెట్ (ఆయిల్ కారకుండా ఉండే సీల్) కూడా కొత్తది వేయించాను. ఇప్పుడు మిట్టమధ్యాహ్నం ఎండలోనూ ఆగడం లేదు.

కార్బురేటర్ క్లీనింగ్, కొత్త ప్లగ్ వల్ల తేడా రాలేదు. ట్యాంక్ మూత గాలి రంధ్రం (ఇది మూసుకుపోతే పెట్రోల్ సరిగా దిగక బండి ఆగుతుంది) కూడా శుభ్రంగానే ఉంది. అయినా బండి ఆగిన చోటే మూత తెరిచి చూడటం ఖర్చులేని పని, ముందు అది చేయండి.